రెండు భయాలు

కరీంనగర్,
12 జూన్ 2023

అక్కకు,

సిద్దిరాములు రాసేది. ఈ వంకర అక్షరాలు చూసి ఎవరో చిన్నపిల్లతో రాయించాననుకోకు. నా చేత్తోనే రాస్తున్నాను. వేళ్లు కలాన్ని పట్టవు కనుక అరచేతికి ఒక పట్టీ కట్టి, అందులో కలం దూర్చి ఇచ్చారు. ముంజేతిని మొత్తం కదిలిస్తే ఒక అక్షరం పడుతుంది. రోజూ ఎవరికైనా ఉత్తరం రాయాలని హర్షిణి మేడం హుకుం. మీ హాస్టల్ ఉన్న ఊళ్లో ఫోన్ అందదు కాబట్టి నువ్వు దొరికావు.

హర్షిణి మేడం అంటే ఎవరో చెప్పలేదు కదూ. కల్లు గీయడానికి ఎక్కిన తాటిచెట్టు మీది నుంచి పడి మెడ విరిగాక ఆసుపత్రి వాళ్లు నన్ను ఈ కేంద్రానికి పంపారని నీకు తెలుసు. ఇక్కడ ఒకాయన కాళ్లూ చేతులూ వంచి, చాపి కసరత్తు చేయిస్తాడు. ఈ మేడం పని వేరు. అన్నం కలుపుకోవడం, చొక్కా తొడుక్కోవడం, మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి జరగడం, ఇట్లా బతకడానికి కావలసినవి నేర్పుతుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు అంటారట. మన పక్క మనిషే, మాటలో తెలిసిపోతుంది.

నిన్న నన్నొకటి అడిగింది. "సిద్దన్నా, ఇప్పుడు నీకు ఆకలైతుందా?" అని. నేను గోడ గడియారం చూసి, "పన్నెండు దాటింది గద మేడం, అయితనే ఉంటది" అన్నాను. ఆమె లేచి వెళ్లి గడియారం మీద తువ్వాల కప్పింది. "ఇప్పుడు చెప్పు" అంది. నేను చెప్పలేకపోయాను. కడుపు ఉందో లేదో కూడా తెలియలేదు. రొమ్ము కింద అంతా అట్లాగే ఉంది. అన్నం చాలిందో లేదో తెలియదు, మూత్రం వస్తుందో రాదో తెలియదు, దానికి పైపు వేసి సంచి తగిలించారు. మొన్న కిటికీలోంచి ఎండ పడి కాలు కమిలింది. పక్క మంచం ఆయన చూసి చెప్పాడు.

అక్కా, భయమేస్తోంది. పడ్డందుకు కాదు, అది అయిపోయింది. నాలోపల ఇప్పుడు ఏం జరుగుతోందో నాకు తెలియకపోవడమే భయం.

ఒక్కటి మంచిది. నిన్న పొద్దున చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, నుదురంతా చెమట పట్టింది. మేడంకు చెబితే చాలా సంతోషపడింది. "శబాష్, గుర్తువట్టినవ్" అంది. ఎందుకో రాద్దామంటే చెయ్యి పడిపోతోంది. మిగతాది మళ్లీ.

అలసిపోయిన చేత్తో,
నీ తమ్ముడు సిద్దిరాములు

*

నార్నూరు దగ్గర,
21 జూన్ 2023

తమ్మీ,

నీ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తే, పిల్లల ముందు ఏడవకూడదని స్టోరు గదిలోకి వెళ్లి బియ్యం బస్తా మీద కూర్చుని చదివాను. వంటమనిషి యాదవ్వ వెనకే వచ్చి, "ఏమైంది మేడం, మంచిదేనా?" అంది. మంచిదే అన్నాను. రోమాలు నిక్కబొడుచుకున్నాయంటే చర్మం మేల్కొన్నట్టే కదా. చెమట పట్టిందంటే లోపల నరం కదిలినట్టే కదా. లేకపోతే ఆ మేడం ఎందుకు సంతోషపడుతుంది?

అంగడి రోజు నార్నూరు వెళ్లి, సిగ్నల్ దొరికే చోట నిలబడి అవ్వకు ఫోన్ చేశాను. కన్నతల్లి ప్రాణం కదా, వెంటనే, "రాజన్న ఇన్నడు బిడ్డా. నా పొల్లగాడు లేచి నడిస్తే ఏములాడ వోయి కోడెను గడ్త" అని వేములవాడ దేవుడికి మొక్కేసింది. నాన్న పోయాక అవ్వ గొంతులో ఆ సంతోషం నేను వినలేదు. మరదలు స్వరూప పొలంలో ఉందట, దానికి కూడా చెప్పమన్నాను.

నీ భయం గురించి రాశావు. నేను నీకంటే ఎక్కువ భయపడుతున్నాను, నీకు చెప్పలేదు అంతే. క్లాసులో ఏదైనా కింద పడ్డ చప్పుడైతే నా ఒళ్లు కొయ్యబారిపోతోంది. మొన్న ఒక పిల్ల చేతిలోంచి స్టీలు ప్లేటు జారితే, పాఠం ఎక్కడ ఆపానో మర్చిపోయాను. అయినా చెబుతున్నా విను. భయమేసినప్పుడు వెల్లకిలా పడుకో. కళ్లు మూసుకో. రాజన్నను తలుచుకుంటూ కదలకుండా ఉండు. ఉరుములకు జడుసుకునే చిన్నపిల్లలకు ఇక్కడ నేను అదే చెబుతాను, కాసేపట్లో తగ్గిపోతుంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. డార్మిటరీ రేకు ఒకచోట కారుతోంది, కింద బకెట్ పెట్టాం. మళ్లీ చెమట పట్టిందా? రోమాలు లేచాయా? తప్పకుండా రాయి.

ఎదురు చూస్తూ,
మమత అక్క

*

కరీంనగర్,
30 జూన్ 2023

అక్కకు,

నీ ఉత్తరం చదివి మేడంకు చూపించాను. ఆమె ముఖం మారిపోయింది. తప్పు నాదే, సగం రాసి ఆపేశాను. ఈసారి చెయ్యి నొచ్చినా పూర్తిగా రాస్తాను, జాగ్రత్తగా చదువు.

స్పర్శ తిరిగి రావడం కాదక్కా అది. ప్రమాదం.

నా ఒంట్లో కింద ఏదైనా తేడా వస్తే, అంటే మూత్రం పైపు మడతపడితే, మలం గట్టిపడితే, కాలి గోరు చర్మంలోకి దిగితే, ఆ కబురు మెడ దాటి తలకు చేరదు. కానీ ఒళ్లు ఊరుకోదు. బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. తల పగిలినట్టు నొప్పి, ముఖం మీద చెమట, రోమాలు లేవడం, ముక్కు పట్టేయడం, ఇవి దాని గుర్తులు. "కడుపు నీతోని మాట్లాడదు సిద్దన్నా. అది నెత్తితోని, చెమటతోని మాట్లాడుతది. గా మాట నువ్వు నేర్చుకోవాలె" అంది మేడం. ఆ రోజు పైపు వంగి ఉంది. నేను చెమటను గుర్తుపట్టి చెప్పాను కాబట్టి సంతోషపడింది.

ఇంకో గుర్తుంది. అదే నన్ను పట్టి పీడిస్తోంది. కారణం లేకుండా ప్రాణం పోతున్నంత భయం వస్తుందట. భయం కూడా ఒంటి కబురేనట. నేను అడిగాను, "మేడం, నేను పొద్దంత భయపడుతనే ఉంట. గందులో ఏది నాది, ఏది ఒంటిది?" అని. ఆ రోజు నుంచి భయమేసినప్పుడల్లా నన్ను కూర్చోబెట్టి అడుగుతోంది. ముందు ఏం వచ్చింది, తలపా, చెమటా? దవడ బిగిసిందా? ముక్కుతో గాలి ఆడుతోందా? నా భయం తలపుతో మొదలవుతుంది. చెట్టు మీద నడుముకు చుట్టిన మోకు జారడం గుర్తొస్తుంది, స్వరూప ఒక్కతే ఎట్లా నెట్టుకొస్తుందో గుర్తొస్తుంది, ఆ తర్వాత గుండె కొట్టుకుంటుంది. రెండోదానికి తలపు ఉండదు. ఊరికే ఉన్నప్పుడు మెడ వెనక నుంచి లేస్తుంది. రాయడానికి తేలిగ్గా ఉంది గానీ, వచ్చినప్పుడు రెండూ ఒకలాగే ఉంటాయి. సగం సార్లు తప్పు చెబుతున్నాను.

నువ్వు చెప్పినట్టు పడుకోవడం మాత్రం వద్దే వద్దు. అప్పుడు పడుకుంటే నెత్తిలో నరం చిట్లొచ్చు. లేపి కూర్చోబెట్టాలి, కాళ్లు కిందికి వేలాడేయాలి, బిగుతు బట్టలు వదులు చేయాలి, పైపు చూడాలి. స్వరూప వచ్చి అన్నీ నేర్చుకుంది. అవ్వకు మోకాళ్ల నొప్పులని రాలేదు.

వచ్చే వారం ఇంటికి పంపుతారు. అవ్వ నా కోసం మొక్కు మొక్కిందని స్వరూప చెప్పింది. ఆ ముఖం చూసి లేదని ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. నువ్వే ఫోన్ చేసి చెప్పక్కా. నీ మాటంటే అవ్వకు గురి.

నీ మీదే భారం వేసి,
సిద్దిరాములు

*

నార్నూరు దగ్గర,
22 జూలై 2023

తమ్మీ,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. వాగు పొంగి కల్వర్టు కొట్టుకుపోయింది, బస్సు అవతలి ఒడ్డునే ఆగుతోంది, టపా సంచి కూడా అక్కడే ఉండిపోయిందట. సబ్ సెంటర్ నర్సమ్మ నీళ్లు తగ్గినప్పుడు మిగిలిన పిల్లర్లు పట్టుకుని దాటుతోంది, ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. పప్పు, ఉల్లిగడ్డ తప్ప ఏమీ లేవు. ఇద్దరు పిల్లలకు జ్వరం. యాదవ్వ మరాఠీలో వాగును తిడుతోంది, ఆమెకు కోపమొస్తే తెలుగు రాదు.

వాగు పొంగకముందే అవ్వతో ఒకసారి మాట్లాడాను. నువ్వు ఇంటికి వచ్చావని చెప్పింది. నీ చేతులు రోజూ చూస్తోందట, రోమాలు ఎప్పుడు లేస్తాయా అని. "లేస్తే ఏం జెయ్యాలె బిడ్డా?" అని అడిగింది. కదిలించొద్దు అన్నాను. మెల్లగా పడుకోబెట్టి దుప్పటి కప్పమన్నాను, నరం మేల్కొనేటప్పుడు చలి తగలకూడదు కదా. నాకు తోచింది చెప్పాను. మీ మేడం వేరేగా చెప్పి ఉంటే ఆమె చెప్పినట్టే చెయ్యండి.

నిన్న కలలో నువ్వు మన ఇంటి ముందు నిలబడి కాళ్లకు బురద కడుక్కుంటున్నావు. లేచాక ఎందుకో సంతోషం కలగలేదు, దిగులేసింది. నువ్వు ఎట్లా ఉన్నావు? ఎవరి చేతనైనా ఒక్క ముక్క రాయించు.

నీళ్ల మధ్య నుంచి,
మమత అక్క

*

మానకొండూరు దగ్గర, ఇల్లు,
9 ఆగస్టు 2023

అక్కకు,

ముందే చెబుతున్నాను, బతికే ఉన్నాను. ఇంట్లోనే ఉన్నాను. ఎడమ కన్ను ఇంకా మసకగా ఉంది, తగ్గుతుందన్నారు. నా జూన్ నెలాఖరు ఉత్తరం నీకు అందలేదని నువ్వు రాసింది చూశాకే అర్థమైంది. అంతకుముందు దాకా, అన్నీ తెలిసీ అవ్వకు అట్లా ఎందుకు చెప్పావా అని నీ మీద కోపంగా ఉండింది.

నువ్వు చెప్పి ఉంటావనుకుని మేమిద్దరం అవ్వకు ఏమీ చెప్పలేదు. ఆ రోజు స్వరూప వరి నాటుకు పోయింది. అవ్వ నాకు ఒళ్లు తుడిచి, కొత్త పంచె కట్టి మంచం మీద పడుకోబెట్టింది. బయట ఎండా వానా కలిసి కొడుతున్నాయి. మోకాళ్ల దాకా బురదలో వంగి ఉన్న స్వరూపను తలుచుకుంటూ ఉన్నాను. భయం మొదలైంది. తలపు ముందు వచ్చింది కదా, ఇది నా భయమే అనుకున్నాను. నువ్వు చెప్పినట్టు కళ్లు మూసుకుని రాజన్నను తలుచుకున్నాను. పడుకోవద్దని నేనే నీకు రాశాను, అయినా అదే చేశాను. భయమేసినప్పుడు మనిషికి ఎవరు ధైర్యం చెప్పారో వాళ్ల మాటే గుర్తొస్తుందేమో.

అప్పుడు మెడ వెనక సుత్తితో కొట్టినట్టు మొదలైంది. "అవ్వా, లేపు" అన్నాను. అవ్వ వచ్చి నా చేతులు చూసింది. రోమాలన్నీ నిలబడి ఉన్నాయి.

"అచ్చింది బిడ్డా" అంది. కళ్లనిండా నీళ్లు. "అచ్చింది."

"గది గాదవ్వా. లేపి కూసోవెట్టు."

"కదిలియ్యద్దన్నది అక్క. జర ఓపిక వట్టు" అని తల కింది దిండు తీసేసి, దుప్పటి గొంతు దాకా కప్పింది. నా నుదుటి చెమట కొంగుతో తుడిచి కళ్లకద్దుకుంది. వాకిట్లోకి పోయి పక్కింటి వాళ్లను పిలిచింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. ఎవరో ఊదుబత్తి వెలిగించారు. నేను ఏదో అంటున్నాను, నోరు తిరగడం లేదు. వాళ్ల ముఖాలన్నీ నవ్వుతున్నాయి అక్కా. తర్వాత ఆ ముఖాలు కూడా కనబడలేదు. నా ముందు ఇంతమంది నిలబడి సంతోషపడుతుండగా చచ్చిపోతున్నానని మాత్రం తెలుసు.

పగటి బువ్వకు వచ్చిన స్వరూప గడపలోనే గిన్నె పడేసింది. బురద చేతులతోనే నన్ను లాగి కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేసింది. పంచె ముడి విప్పి చూస్తే పైపు తొడ కింద నలిగి ఉంది. సంచిలో చుక్క లేదు. పైపు సరిచేశాక కూడా తల తగ్గలేదు. మన ఊరి మల్లన్న ఆటోలో నన్ను నిలువుగా పట్టుకుని కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే నెత్తిలో నరం చిట్లేదని డాక్టరు చెప్పాడు.

ఇప్పుడు నా బాధ అవ్వ. నన్ను ముట్టుకోవడం మానేసింది. అన్నం గిన్నె స్వరూప చేతికిచ్చి గడప బయట కూర్చుంటుంది. పిలిస్తే, "నేను ముట్టుకుంటె సస్తవ్‌రా" అంటుంది. ఇంట్లో ముగ్గురం ఒకరికొకరం భయపడుతున్నాం.

నిన్ను ఏమీ అనడం లేదు. ఇది నిజం.

సిద్దిరాములు

*

నార్నూరు దగ్గర,
19 ఆగస్టు 2023

తమ్మీ,

వాగు మీద మట్టి పోశారు. టపా సంచి నిన్న వచ్చింది. అందులో నీ ఉత్తరాలు రెండూ ఉన్నాయి. పైనున్నది ముందు చదివాను. తర్వాత జూన్ నాటిది చదివాను. పడుకోవద్దే వద్దు అని రాశావు. అది అంతకాలం వాగు అవతల తడుస్తూ ఉంది.

ఏం రాయాలన్నా భయమేస్తోంది. ఏం చెబితే నీకు ఏమవుతుందో అని. జ్వరం వచ్చిన పిల్లకు మాత్ర ఇవ్వడానికి కూడా నర్సమ్మను రెండుసార్లు అడిగాను. యాదవ్వ నన్ను చూసి, "మేడం, మీకు గూడ ఒంట్ల మంచిగ లేదా?" అంది.

అవ్వకు ఫోన్ చేశాను. నేనే తప్పు చెప్పానవ్వా అన్నాను. అవ్వ విని, "సదువుకున్నదానివి నీకే తెల్వకపాయె, నాకేం తెలుస్తది" అని ఫోన్ స్వరూపకు ఇచ్చేసింది. తిట్టినా బాగుండేది.

కరీంనగర్ పక్కకు బదిలీకి దరఖాస్తు పెట్టమంటావా? నీకు ఇంకా భయంగానే ఉందా? ఉన్నది ఉన్నట్టు రాయి. నేను సంతోషపడతానని ఏదీ దాచకు.

మమత

*

మానకొండూరు దగ్గర, ఇల్లు,
24 సెప్టెంబర్ 2023

అక్కకు,

ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

హర్షిణి మేడం ఇంటికి వచ్చింది. స్వరూప ఫోన్ చేసి అవ్వ సంగతి చెప్పిందట. మేడం నా దగ్గరికి రాకుండా ముందు గడప మీద అవ్వ పక్కన కూర్చుంది. చాయ్ తాగింది. అవ్వ మోకాళ్ల గురించి మాట్లాడింది. ఆ తర్వాత అడిగింది.

"అవ్వా, సిద్దన్న పసిగున్నప్పుడు ఆకలైతే నీకెట్ల తెలిసేది?"

"ఏడుస్తుండె."

"ఏడవకముందు?"

అవ్వ చాయ్ కప్పు కింద పెట్టింది. "చెవి గుంజుకుంటుండె. పెదవులు సప్పరిస్తుండె. గప్పుడే రొమ్ము నోట్ల వెడుతుంటి, లేకుంటె ఊరంత ఇనవడేటట్టు ఏడుస్తుండె."

"నోరు రాని పొల్లగాని కడుపుల ఏమున్నదో నీకు తెలిసింది. ఇప్పుడు గూడ ఆయన కడుపుకు నోరు లేదవ్వా. ఆయనకు కూడ చెప్పదది. బయటికెల్లి మనమే చూడాలె."

అవ్వ లేచి లోపలికి వచ్చి నా కాళ్ల దగ్గర నిలబడింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి. "మరి పాణం వస్తదా రాదా వీని కాళ్లకు?" అని అడిగింది. మేడంను కాదు, నన్ను. మేడం కూడా నా వైపే చూసింది. నేను చెప్పాలని నాకు అర్థమైంది. "రాదవ్వా" అన్నాను. అవ్వ బయటికి పోయింది. కోళ్లను గూట్లో వేసింది, వాకిలి ఊడ్చింది, అప్పటికే ఊడ్చిన వాకిలే. తిరిగి వచ్చి చేతులు కడుక్కుని, "ఏడ జూడాల్నో సూపియ్యి" అంది మేడంతో.

ఆ రోజంతా అవ్వ వేళ్లు పట్టుకుని మేడం ఒక్కొక్క చోటా చూపించింది. పైపు ఎక్కడ నలుగుతుంది, మడమ దగ్గర చర్మం ఎర్రబడితే ఎట్లుంటుంది, పంచె ముడి ఎంత వదులుండాలి. నాకు కూడా కొత్త సంగతి ఒకటి చెప్పింది. ఏ భయమో తేల్చుకునేదాకా ఆగవద్దట. ఏదైనా సరే ముందు కూర్చోవాలి, ఒళ్లు చూసుకోవాలి. ఒళ్లు బాగుందని తేలాక మిగిలింది నాది. కేంద్రంలో ఉన్నప్పుడు ముందే గుర్తుపట్టాలని పంతం పట్టాను, అందుకే దెబ్బతిన్నాను.

భయంగానే ఉందా అని అడిగావు. నిన్న జరిగింది రాస్తాను, నువ్వే చూడు.

స్వరూప పొలానికి పోయింది. నేను చక్రాల కుర్చీలో అరుగు మీద ఉన్నాను. అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. ఏ తలపూ లేదు, పిట్టగోడ మీద ఉడతను చూస్తున్నాను. ఉన్నట్టుండి లోపల ఏదో జారినట్టయింది. నేను నోరు తెరిచేలోగా అవ్వ తలెత్తి చూసింది.

"గొంతు ముక్కుల నుంచి వస్తున్నదేంది? ముక్కు వట్టిందా?"

"భయమైతుందవ్వా."

చాట పక్కన పెట్టి లేచింది. పంచె వదులు చేసింది, పైపు మీద వేళ్లు జరుపుతూ వచ్చింది. సంచి నిండి ఉబ్బిపోయి ఉంది. పొద్దున స్వరూప తొందరలో ఖాళీ చేయలేదు. అవ్వ దాన్ని విప్పి బకెట్లో వంచింది. నా ముఖాన్నే చూస్తూ నిలబడింది. మెల్లగా చెమట ఆరింది, ముక్కు విడిచింది, మెడ వెనక బరువు దిగిపోయింది.

"తగ్గిందా?"

"నెత్తి తగ్గింది. భయం ఉన్నది."

అవ్వ మళ్లీ మొదటి నుంచి చూసింది. పైపు, మడమలు, గోళ్లు, చొక్కా గుండీలు. ఒక్కచోటా ఏమీ లేదు. "అన్ని మంచిగనే ఉన్నయి గదరా" అంది, ఏడుపు గొంతుతో.

"ఉన్నయవ్వా. ఇది ఒంటిది గాదు. నాదే."

"నీదంటే?"

"వట్టి భయం. పడ్డప్పటి సంది ఉన్నది. ఇగ ఉంటది."

అవ్వ పీట నా కుర్చీ పక్కకు జరుపుకుని కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుంది.

"గదైతె నాకూ ఉన్నదిరా" అంది. మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. నేను ఆమె వేళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను. భయం పోలేదు. కానీ ఇద్దరం దాని పక్కనే కూర్చున్నాం, పొద్దు గూకేదాకా.

బదిలీ కోసం పరుగెత్తకు, ఆ పిల్లల్ని వదిలేసి రావద్దు. బతుకమ్మ సెలవులకు రా. ఏడ చూడాల్నో అవ్వ నీకు సూపిస్తానంటోంది.

నీ తమ్ముడు,
సిద్దిరాములు